అక్క పెట్టిన టిక్కు

"రిటర్ను నేను వెయ్యలేదు మేడం," అన్నాడు ఆడిటరు మూడోసారి. "వేద్దామని కూర్చున్నాను. కూర్చునేసరికే వేసేసి ఉంది."

జిగురు కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆవిడకి వేరే ఏదో ఉంది. లాయర్ల దగ్గర్నుంచి తాళాలు బాగుచేసేవాళ్ళ దాకా అందరూ మాత్రం జిగురు అనే అంటారు, పట్టుకుంటే వదలదని. కనిపించకుండా పోయిన మనుషుల్నీ సంగతుల్నీ వెతికిపెట్టడం ఆవిడ వృత్తి. మొగుడు ఒక్కడే వదిలించుకుని పోయాడని తనే జోకు వేసుకుంటుంది, ఎదుటివాళ్ళు వెయ్యకముందే. జోకు వేసి ఇంటికెళ్ళి, చీకట్లో తాళం తీసి, లైటు వేసుకునేటప్పుడు మాత్రం నవ్వు రాదు. యాభై దాటాక ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆవిడకి సిగ్గు కూడా పోయింది.

కేసు పైకి చప్పగానే ఉంది. ఒకే ఆసుపత్రి ల్యాబులో పనిచేసిన అక్కాచెల్లెళ్ళు చెరిసగం వేసుకుని ఒక ఇల్లు కొన్నారు. అక్క పెళ్ళి చేసుకుని పరాయి దేశం వెళ్ళింది. ఇల్లు అద్దెకిచ్చారు. దేశం బయట ఉన్న యజమానికి అద్దె ఇచ్చేటప్పుడు అద్దెకున్నవాడే పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి, ఆ కోత కాస్త గట్టిగానే ఉంటుంది. యజమాని ఇక్కడే ఉంటే కొయ్యక్కర్లేదు. తర్వాత యజమాని రిటర్ను వేసి లెక్క చెప్పుకుంటే ఎక్కువ కోసింది తిరిగొస్తుంది. వెయ్యకపోతే అంతే సంగతులు. అక్క వాటాకి తొమ్మిదేళ్ళుగా ఈ ఆడిటరే రిటర్ను వేస్తున్నాడు.

ఆ తొమ్మిదేళ్ళూ అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. "అతన్ని చేసుకోకు, ఆ నవ్వు నాకు నచ్చలేదు" అని చెల్లెలు అన్నందుకు, "అయితే నా మొహం చూడకు" అని అక్క అంది. చెల్లెలూ తక్కువదేం కాదు. ఆ ఇంటి వైపు తలెత్తి కూడా చూడనని ఒట్టేసుకుంది. పనికి వెళ్ళేటప్పుడు రోజూ ఆ ఇంటి ఎదురుగానే బస్సు మారుతుంది, తల వంచుకునే నిలబడుతుంది. ఏడాదికోసారి ఆడిటరు ఫోన్ చేసి, "మీ అక్కగారి రిటర్ను కూడా అయిపోయిందమ్మా" అంటాడు. అక్క బతికి ఉందనడానికి చెల్లెలికి అందే కబురు అదొక్కటే.

ఈ ఏడాది ఆడిటరు ఆ మాట అనలేదు. "ఎవరో వేశారమ్మా" అన్నాడు. అదే వారంలో బావ ఫోన్ చేసి, ఏడాది పైనుంచీ మీ అక్క కనిపించడం లేదని ఏడ్చాడు. చెల్లెలు జిగురు గుమ్మంలోకి వచ్చి కూర్చోకుండానే చెప్పింది: "నాకు ఇల్లొద్దు, అద్దెలో వాటా వద్దు. మా అక్క ఉందా లేదా? అదొక్కటి చెప్పండి చాలు."

"మీరు వెయ్యలేదు సరే," అంది జిగురు ఇప్పుడు. "మరి వేసినవాడు లోపలికి ఎలా వెళ్ళాడు?"

"ఓటీపీ మేడం. అది ఆవిడ ఇక్కడి పాత నంబరుకి వస్తుంది. బయటికెళ్ళేవాళ్ళందరూ చేసే పనే. పాత సిమ్ము ఓ డొక్కు ఫోన్లో వేసి, ఇక్కడే ఎవరి దగ్గరో పెట్టి పోతారు. ఈవిడ ఇంట్లో మేడ మీద గది ఒకటి తనకని ఉంచుకుని, ఫోన్ అందులో పెట్టి వెళ్ళింది. నేను ఇక్కడ మీట నొక్కి, అద్దెకున్న మాస్టారికి ఫోన్ చేసేవాణ్ణి. ఆయన పరుగెత్తుకుంటూ పైకెళ్ళి, చూసి, అంకెలు చదివేవాడు. ఆయాసంతో ఒకసారి తప్పు చదివి మళ్ళీ మొదటికొచ్చింది."

"ఈసారి మాస్టారు ఎవరికి చదివారు?"

"అదే కదా అడగాల్సింది," అంది వెనకనుంచి ఒక గొంతు.

జిగురు వెనక్కి తిరగలేదు. ఆ సెంటు వాసన ఎవరిదో తెలుసు. ఒకప్పుడు ఆవిడ దగ్గరే పని నేర్చుకుని, ఆవిడ ఖాతాదారుల్ని సగంమందిని వెంటబెట్టుకుపోయి, అద్దాల తలుపుల ఆఫీసు తెరిచిన మహానుభావుడు. ఎండాకాలం కూడా సూటే వేస్తాడు. అందుకే అందరూ సూటు అంటారు. ఇప్పుడు అతను అక్క మొగుడి తరఫున పనిచేస్తున్నాడు.

"నమస్కారం మేడం. ఇంకా నడిచే తిరుగుతున్నారా?"

"కాళ్ళున్నాయి కదా నాయనా. నీ సంగతి చెప్పు, నిన్ను పంపిన మనిషికేం కావాలి?"

"పాపం, భార్య పోయిందని ఆయనకి ఎప్పుడో అర్థమైపోయింది. ఆవిడ పేరు మీద ఇక్కడ ఎవడు ఆడుకుంటున్నాడో తెలిస్తే మనశ్శాంతి," అన్నాడు సూటు.

ఆడిటరు ఇద్దరి మధ్యా నీళ్ళు నమిలి, కంప్యూటరు తెర వాళ్ళ వైపు తిప్పాడు. "ఇది చూడండి, నవ్వొస్తుంది. లెక్కంతా నిక్కచ్చిగా వేశాడు. నేను కూడా అంత శుభ్రంగా వెయ్యను. పైన మాత్రం నాన్ రెసిడెంట్ అన్న గడి వదిలేసి రెసిడెంట్ అన్నచోట టిక్కు పెట్టాడు. అంటే పోయిన ఏడాదిలో సగానికి పైగా ఈ దేశంలోనే ఉన్నానని చెప్పుకున్నట్టు. తొమ్మిదేళ్ళుగా అడుగుపెట్టని మనిషి!"

"కొత్త దొంగ," అన్నాడు సూటు చిటికేసి. "ఆవిడ బయటుండేదని తెలీక పప్పులో కాలేశాడు. తెలిసీ తెలియని పని. ఆ మాస్టారు తప్ప ఇంకెవరూ కాదు."

జిగురు ఆ చిన్న గడి వైపు చూస్తూ ఉండిపోయింది. "ఈ అక్కగారు ఎలాంటి మనిషి?" అని అడిగింది.

"ఆవిడా?" ఆడిటరు మొహం విచ్చుకుంది. "ఒకసారి రీఫండు పొరపాటున ఎక్కువొచ్చింది. ఊరుకోండమ్మా, వాళ్ళే మర్చిపోయారు అన్నాను. వెనక్కి కట్టించేదాకా నాతో మాట్లాడలేదు. కట్టాక ఫోన్ చేసి, ఇప్పుడు నిద్రపడుతుందండీ అంది. ఏడాదికోసారి ఓ పావుగంట మాట్లాడుకునేవాళ్ళం, అంతే. ఈ ఏడాది ఫోన్ రాలేదని ఎదురుచూశాను కూడా." ఆఖరి మాట అనేశాక తనే కొంచెం ఇబ్బందిపడి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఇంకొక్కటి. మాస్టారు కోసి కట్టే పన్ను సరిగ్గా కడుతున్నాడా?"

"ఎనిమిదేళ్ళు టంచనుగా కట్టాడు. పోయిన ఏడాది మొదట్లో ఉన్నట్టుండి ఆపేశాడు."

"డబ్బు తినడం మరిగాడు," అన్నాడు సూటు లేచి. "మధ్యాహ్నం కల్లా ఒప్పిస్తాను. మీరు నెమ్మదిగా నడుచుకుంటూ రండి మేడం."

జిగురు నడవలేదు. సూటు ఇంకా కారు వెనక్కి తీసుకుంటుండగానే ఆటో ఎక్కి కూర్చుంది.

మాస్టారు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. కింది వాటాలో ఒక్కడే ఉంటాడు. గోడల నిండా పెన్సిలుతో వేసిన బొమ్మలు. అన్నీ కుర్చీలు, కిటికీలు, చెప్పుల జతలు. మనిషి ఒక్కడూ లేడు.

"మనుషుల్ని వెయ్యరా మాస్టారూ?"

"కదలకుండా కూర్చునేవాళ్ళు ఎవరున్నారమ్మా?" అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు. చేతులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.

"రిటర్ను మీరు వేశారా?"

"నాకా విద్య రాదు."

"ఓటీపీ ఎవరికైనా చదివారా?"

"లేదు."

"మేడమీద గదిలోకి ఎవరైనా వెళ్ళారా?"

"తాళం నా దగ్గరే ఉంటుంది. ఎవరూ వెళ్ళరు."

"పన్ను కొయ్యడం ఎందుకు ఆపేశారు?"

మాస్టారు రెప్ప వేశాడు. "ముసలితనం. మర్చిపోయాను."

"కరెంటు బిల్లు మర్చిపోయారా?"

"లేదు."

"చెల్లెలుగారి వాటా ఏ నెలైనా మర్చిపోయారా?"

"అదెలా మర్చిపోతాను?"

"ఎనిమిదేళ్ళు మర్చిపోని పని పోయిన ఏడాది ఒక్కసారిగా మర్చిపోయారు. అదొక్కటే మర్చిపోయారు. కోసిన డబ్బు మీరు ఉంచుకున్నారా అంటే అదీ లేదు. అక్కగారి ఖాతాలో పూర్తి అద్దె పడుతోంది, ఆడిటరుగారి దగ్గర కాగితం చూశాను. నా చెవిలో పువ్వులు పెట్టకండి మాస్టారూ. పన్ను కొయ్యక్కర్లేదని మీకు ఎవరు చెప్పారు?"

జిగురు తన ఫోన్ తీసి అక్క పాత నంబరు నొక్కింది. నెత్తిమీద ఎక్కడో సన్నగా ఫోన్ మోగింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. ఆవిడ ఇక్కడ ఆపలేదు. అక్కడ ఎవరో ఆపారు.

మాస్టారు చప్పున జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"తాళంచెవి ఇవ్వండి," అంది జిగురు మెల్లగా.

మేడమెట్లు సన్నవి. గది తలుపుకి బయటినుంచి పెద్ద తాళంకప్ప వేలాడుతోంది. పైన దుమ్ము ఉంది గానీ తాళంచెవి పెట్టగానే చప్పుడు లేకుండా తిరిగింది. రోజూ తిరిగే తాళమే అలా తిరుగుతుంది.

లోపల ఒక మంచం, ఒక కుర్చీ, ఒక బల్ల. బల్లమీద ఛార్జరుకి తగిలించిన డొక్కు ఫోన్, దాని పక్కన చవకరకం ల్యాప్‌టాప్. నేల తుడిచి ఉంది. గోడగడియారం సరైన టైము చూపిస్తోంది. దండెం మీద ఒకే ఒక తువ్వాలు, సరిగ్గా మధ్యలో ఆరేసి ఉంది. ఇద్దరుండే ఇంట్లో తువ్వాలు పక్కకి జరుగుతుంది, రెండోదానికి చోటు కావాలి కదా. ఒంటరి మనిషి గది ఎలా ఉంటుందో జిగురుకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇంటికెళితే తన దండెం మీదా అంతే.

బల్లమీద గ్లాసులు మాత్రం రెండున్నాయి. ఒకదాంట్లో సగం నీళ్ళు. రెండోది బోర్లించి ఉంది, దాని అడుగున సన్నటి దుమ్ము. ఎవరైనా వస్తే ఇద్దామని పెట్టుకున్న గ్లాసు. ఎవరూ రాలేదన్నమాట.

కుర్చీ కిటికీకి ఆనించి ఉంది. కర్రకాళ్ళ కింద గచ్చు అరిగి తెల్లబడింది. తెర ఒక మూల వేలెడంత పక్కకి జరిగి, అక్కడ బట్ట పట్టుకుని పట్టుకుని నలిగిపోయింది. జిగురు వంగి ఆ సందులోంచి చూసింది. రోడ్డు అవతల బస్టాపు. బల్ల మీద ఎవరో కూర్చుని ఉన్నారు. రోజూ పొద్దున చెల్లెలు తల వంచుకుని నిలబడే చోటు అది.

జిగురుకి ఆ గడి, ఆ టిక్కు గుర్తొచ్చాయి. రీఫండు వెనక్కి కట్టేదాకా నిద్రపట్టని మనిషి ఆ టిక్కు పొరపాటున పెట్టదు. ఏడాదిలో సగం కాదు, మొత్తం ఏడాది ఈ కుర్చీలోనే కూర్చుంది.

మరి దాక్కోవడం ఎందుకు? సొంత ఇంట్లో, బయటినుంచి తాళం వేయించుకుని, తోబుట్టువుని వేలెడంత సందులోంచి చూస్తూ?

కిందనుంచి బూట్ల చప్పుడు వినిపించింది. "మాస్టారూ! పైనున్నారా?" సూటు గొంతు.

జిగురు చుట్టూ చూసింది. మూలన బాత్రూం తలుపు మూసి ఉంది. మంచం పక్కనుంచి ఆ తలుపు దాకా తడి అడుగుల గుర్తులు, సగం ఆరినవి. చిన్న పాదం. ఫోన్ మోగేటప్పుడు కాళ్ళు కడుక్కుని వచ్చినట్టుంది, మెట్ల మీద చప్పుడు విని మళ్ళీ లోపలికి పరుగెత్తింది.

ఎందుకు చేస్తున్నానా అని ఆలోచించే టైము లేదు. జిగురు నీళ్ళ గ్లాసు మోచేత్తో తోసేసింది. నీళ్ళు గచ్చుమీద పరుచుకుని అడుగులన్నిటినీ కలిపేశాయి. కిందపడిన గ్లాసు దొర్లుతూ సూటు బూటు దగ్గర ఆగింది.

"చేతులు వణుకుతున్నాయా మేడం?" అన్నాడు సూటు గుమ్మంలోంచి. అతని వెనక మాస్టారు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"వయసు నాయనా. నీకూ వస్తుంది."

సూటు లోపలికొచ్చి ఫోన్ చూశాడు, ల్యాప్‌టాప్ చూశాడు, దుప్పటి తడిమాడు. తర్వాత ప్యాంటు మడత నలగకుండా మోకాళ్ళమీద కూర్చుని మంచం కిందికి వంగి చూశాడు.

జిగురు వంగిన ఆ వీపు వైపే చూసింది. చచ్చిపోయిన మనిషి కోసం మంచం కింద ఎవడైనా వెతుకుతాడా? భార్య పోయిందని మొగుడు చెప్పింది ఉత్తమాట. బతికుందని అతనికి తెలుసు. వెతికి పట్టుకోమనే ఈ సూటుని పంపాడు.

సూటు లేచి బాత్రూం తలుపు వైపు తిరిగాడు. జిగురు అప్పటికే ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. చెక్క అవతల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఆవిడకే అనిపించిందో, నిజంగానే వినిపించిందో.

"నువ్వు చెప్పిందే నిజమయ్యా," అంది గబుక్కున. "ఒప్పుకుంటున్నాను. దొంగ ఈయనే."

సూటు ఆగిపోయాడు. ఆవిడ నోట ఆ మాట వినాలని అతను ఎన్నేళ్ళనుంచి కాచుకు కూర్చున్నాడో ఆవిడకి తెలుసు. "ఏమన్నారు?"

"చూడు, గదంతా తుడిచి కాపురం పెట్టాడు. కింద అద్దెకుంటూ పైగది ఉత్తపుణ్యానికి వాడుకుంటున్నాడు. ఫోన్ చేతిలో ఉంది, ఓటీపీ చేతిలో ఉంది. రెసిడెంట్ అంటే ఏంటో తెలీక టిక్కు పెట్టేశాడు. చెప్పండి మాస్టారూ! మీరే కదూ వేసింది?"

మాస్టారు ఆవిడ కళ్ళలోకి చూశాడు. నమ్మకద్రోహం జరిగినట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఆవిడ వీపు వెనకున్న తలుపు చూశాడు, ఆవిడ అరచెయ్యి ఆ గొళ్ళేన్ని ఎంత గట్టిగా నొక్కి పట్టుకుందో చూశాడు.

"నేనే వేశాను బాబూ," అన్నాడు. "ఆవిడ దగ్గర్నుంచి ఏ కబురూ రాలేదు. పోయిందేమో అనుకున్నాను. పోయిందని తెలిస్తే ఇల్లు అమ్మేస్తారు, నన్ను ఖాళీ చెయ్యమంటారు. ఈ వయసులో ఎక్కడికి పోను? నాకెవరున్నారు? రిటర్ను పడుతుంటే ఆవిడ ఉన్నట్టే కదా అని..." అబద్ధంలా మొదలైన మాట మధ్యలోనే నిజమైపోయింది.

సూటు ఆ మాటలన్నీ ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. "ఆ బాత్రూం కూడా ఓసారి..."

"చూస్తావా? నీళ్ళు లేక ఎన్నాళ్ళయిందో, లోపల ఎలుక చచ్చినట్టుంది. నా ముక్కు ఇందాకే పోయింది," అని జిగురు చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "చూసుకో, నాదేం పోయింది."

సూటు తన కోటు వైపు ఒకసారి చూసుకున్నాడు. "అక్కర్లేదు. పొద్దున కూర్చున్నచోటే తేల్చేశాను కదా. ఇక ఇంట్లో కూర్చుని విశ్రాంతి తీసుకోండి మేడం. మీ పని అయిపోయింది."

"అవును నాయనా," అంది జిగురు. ఆ మాట మింగడం కష్టంగానే ఉంది. మింగింది.

కారు వెళ్ళిపోయిన చప్పుడు పూర్తిగా ఆగేదాకా ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. గదిలో ముగ్గురున్నారని జిగురు అప్పటికే లెక్కేసుకుంది.

"అమ్మా, వెళ్ళిపోయాడు," అంది తలుపు దగ్గర నోరుపెట్టి. "నన్ను మీ చెల్లెలు పంపింది."

లోపలివైపు గొళ్ళెం తీసిన చప్పుడైంది. బయటికొచ్చినావిడ బక్కపలచగా ఉంది. జుట్టు సగం నెరిసింది, తనే కత్తిరించుకున్నట్టుంది, ఎగుడుదిగుడుగా ఉంది. ఎడమచెయ్యి ఒంటికి దగ్గరగా పట్టుకుని, కుడిచేత్తో గోడ తడుముకుంటూ వచ్చింది.

"ఆ చెయ్యి పైకి లేవదమ్మా," అన్నాడు మాస్టారు నేల చూస్తూ. "వచ్చినరోజు నుంచీ అంతే. డాక్టరు దగ్గరికి రానంటుంది. ఎవరు చేశారని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు."

అక్క బోర్లించిన గ్లాసు తీసి, లోపలికెళ్ళి కడిగి, నీళ్ళు పోసి తెచ్చి జిగురు చేతిలో పెట్టింది. "కూర్చోండి. కుర్చీ ఒక్కటే ఉంది, మీరే కూర్చోండి."

జిగురు కూర్చుంది. నీళ్ళు తాగింది. ఈ గ్లాసులో నీళ్ళు తాగిన మొదటి మనిషి తనేనని తెలుస్తూనే ఉంది.

"ఎలా ఉంది అది? పోయిన వారం రెండ్రోజులు బస్టాపుకి రాలేదు," అంది అక్క. "జ్వరమా?"

"మిమ్మల్ని వెతకమని నా చుట్టూ తిరిగింది. చెల్లెలి దగ్గరికే వెళ్ళొచ్చు కదమ్మా?"

"మా ఆయన ముందు వెతికేది దాని ఇల్లే. పైగా ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? అది చెప్పింది. నేను వినలేదు. చెంప మీద కొట్టాను కూడా. అంతా అది చెప్పినట్టే అయిందని ఇప్పుడు వెళ్ళి ఎలా చెప్పుకోను?" ఏడవలేదు, మామూలుగానే అంది. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. "మాస్టారే బయట తాళం వేస్తారు. బయట తాళం ఉంటే లోపల మనిషి ఉందని ఎవరూ అనుకోరు కదా అని నేనే వెయ్యమన్నాను."

"ఇంత జాగ్రత్తపడ్డారు. మరి రిటర్ను ఎందుకు వేశారు? వేస్తే వేశారు, నాన్ రెసిడెంట్ అనే వదిలేసి ఉంటే పోయేది కదా? ఎవరికీ అనుమానం వచ్చేది కాదు."

అక్క ఆవిడ వైపు వింతగా చూసింది. "ఉన్నది ఇక్కడే కదండీ. పైన వివరాలన్నీ నిజం అని కింద రాసి ఉంటుంది. దానికింద నా పేరు పెట్టాలి." కిందపడిన గ్లాసు తీసి బల్లమీద పెట్టింది. "ఇంకోటి కూడా ఉంది. చెబితే నవ్వుతారు. ఏడాదినుంచి నేను ఎక్కడా లేను. పక్కింటివాళ్ళకి లేను, చెల్లెలికి లేను, గట్టిగా దగ్గడానికి కూడా లేదు. ఆ గడి దగ్గరికొచ్చేసరికి, ఎక్కడో ఒకచోటైనా నేను ఇక్కడున్నాను అని చెప్పుకోవాలనిపించింది. కంప్యూటరుకే కదా, మనిషికి కాదు కదా అనుకున్నాను."

జిగురు నవ్వలేదు. ఖాళీ గ్లాసు రెండుచేతుల్తో పట్టుకుని కూర్చుంది. "పదండి," అంది. "మీ చెల్లెలి దగ్గరికి కాదు, ముందు మా ఇంటికి. దండెం మీద చోటుంది." అక్క తన తువ్వాలు దండెం మీంచి తీసుకుంది.

అప్పుడే జిగురు ఫోన్ మోగింది. చెల్లెలు.

"మేడం!" గొంతులో పండగ. "మా అక్క బతికే ఉందండీ! బావ ఇవాళ పొద్దునే దిగాడు. ఆ టిక్కు సంగతి ఆడిటరు చెబితే బావకి చెప్పాను. ఆ సూటాయన ఇప్పుడే ఫోన్ చేసి, మాస్టారే దొంగ, ఒప్పుకున్నాడు అన్నాడు. బావ అస్సలు నమ్మలేదు. మీ అక్క ప్రాణం పోయినా అబద్ధం రాయదు, రెసిడెంట్ అని రాసిందంటే ఇక్కడే, ఆ మేడమీద గదిలోనే ఉంది అని ఒకటే ఏడుపు. ఆటోలో అక్కడికే వస్తున్నాం. మనిషిని ఎంత తప్పుగా అనుకున్నానండీ ఇన్నాళ్ళూ!"

జిగురు లేచి నిలబడింది. తను అన్నేళ్ళ పరువు పోగొట్టుకుని అల్లిన అబద్ధం ఆ ఒక్క మాటతో గాలికి పోయింది. సూటుకి తెలియనిది ఆ మొగుడికి తెలుసు. అక్కని అంత బాగా ఎరిగినవాడు లోకంలో వాడొక్కడే.

"అమ్మా, జాగ్రత్తగా విను. నువ్వు ఎక్కడున్నావ్?"

"ఫోన్ స్పీకర్లో పెట్టానండీ, బావ కూడా వింటున్నాడు."

"నమస్కారం మేడం," అంది మెత్తటి గొంతు. "మీరు చాలా శ్రమపడ్డారట. మీరెక్కడున్నారు?"

ఫోన్లోంచి ఆ గొంతు బయటికి వినిపించగానే అక్క చేతిలోని తువ్వాలు జారిపోయింది. తీసుకోవడానికి వంగలేదు.

జిగురు ఫోన్ పెట్టేసింది. "మాస్టారూ, కిందికెళ్ళండి. బయటినుంచి తాళం వేసి వెళ్ళండి."

"మీరు?"

"నేను లోపలే ఉంటాను."

తాళం పడింది. మెట్లమీద మాస్టారి అడుగులు దిగిపోయాయి. అక్క ఏడాదిగా చేసిన పనే ఇప్పుడూ చేసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, తెర మూల పట్టుకుని, వేలెడంత పక్కకి జరిపింది.

బస్టాపు దగ్గర ఆటో ఆగింది. చెల్లెలు దిగింది. తల వంచుకోలేదు. తొమ్మిదేళ్ళ ఒట్టు తీసి గట్టున పెట్టేసి, తలెత్తి, మేడమీది కిటికీ వైపు తిన్నగా చూసింది. చూసి, చిన్నపిల్లలా చెయ్యెత్తి ఊపింది.

అక్క కుడిచెయ్యి దానంతట అదే పైకి లేచింది. జిగురు పట్టుకుని ఆపేలోపే తెర పక్కకి తప్పుకుంది.

"చూసిందండీ," అంది అక్క. "అది నన్ను చూసింది."

చెల్లెలి వెనకనుంచి ఆటోలోంచి ఇంకో మనిషి దిగాడు. చెల్లెలు ఎటు చూస్తోందో అటే అతనూ తలెత్తి చూశాడు. నవ్వాడు. ఆమె భుజం మీద చెయ్యేసి, రోడ్డు దాటించడం మొదలుపెట్టాడు.